పాకం మీద చూపు, కాలం మీద పట్టు

పొద్దున లేచింది మొదలు ఊపిరి సలపదు. రాత్రి పడుకోబోతూ తలచుకుంటే రోజంతా ఏం చేశామో సరిగా గుర్తు రాదు. నిన్నగాక మొన్న సంక్రాంతి అయినట్టుంటుంది, అంతలోనే వినాయక చవితి పందిళ్లు లేస్తాయి. గడియారం ఎప్పటిలాగే నడుస్తున్నా కాలం ఎందుకింత చేజారిపోతోంది? మన ధ్యాస ముక్కలవడమే కారణమంటున్నారు మనస్తత్వ శాస్త్రవేత్తలు. ఆ మాటకు కశింకోట బెల్లం పాకల్లోనూ సాక్ష్యముంది, తెలుగు అవధాన వేదికల మీదా ఉంది.

చలి ముదిరే వేళకు కశింకోట చుట్టుపక్కల చెరకు గానుగలు ఆడటం మొదలవుతుంది. శారదా నది పారే ఈ ప్రాంతానికి చెరకు తరతరాల పంట. పక్కనే ఉన్న అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. 1913లో అనకాపల్లిలో మొదలైన వ్యవసాయ పరిశోధన స్థానం నూరేళ్లకు పైగా చెరకు మీద పనిచేస్తోంది. ఇంత శాస్త్రం పెరిగినా, పొలం గట్టు మీది బెల్లం పాకలో చివరి మాట ఇప్పటికీ వండే మనిషి కంటిదే.

రసం పెనంలో పోశాక రెండు మూడు గంటల వంట ఉంటుంది. ఒకరు పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోస్తుంటారు. ఇంకొకరు సున్నపుతేట పోసి, పైకి తేలిన తెట్టు తీసి పారేస్తుంటారు. మొదట్లో కబుర్లు సాగుతాయి, టీ గ్లాసులు తిరుగుతాయి. రసం చిక్కబడి, పొంగిన నురగ అణిగి, బుడగల చప్పుడు బరువెక్కేసరికి మాటలు వాటంతటవే ఆగిపోతాయి. వండే పెద్దాయన తెడ్డు అంచున కాస్త పాకం తీసి చన్నీళ్ల గిన్నెలో వేసి వేళ్లతో చుడతారు. తీగలా సాగితే ఇంకా కాగాలి. గట్టి ఉండ కట్టిందంటే అదే అదును. "మంట లాగెయ్ బాబూ" అని ఒక్క కేక వేస్తారు. ఆ క్షణాన థర్మామీటరు పెట్టి చూస్తే దాదాపు 118 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. తొందరపడి దించితే దిమ్మ గట్టిగా నిలవదు. ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. ఏది జరిగినా మార్కెట్లో ధర పడిపోతుంది.

ఈ పని గడియారం చూసి చేసేది కాదు. ఎంతసేపు కాగాలన్న లెక్క మొత్తం ధ్యాసలోనే ఉంటుంది.

అదే వేళకు, ఆ పొలానికి కూతవేటు దూరంలో, పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన బస్సు కోసం నిలబడ్డ కుర్రాడు ఫోన్లో ఒక వీడియో నుంచి ఇంకో వీడియోకి జారుతుంటాడు. మధ్యలో రెండు మెసేజీలకు జవాబిస్తాడు, ఒక కాల్ మాట్లాడతాడు. పాకం ముందున్న పెద్దాయనకు పది నిమిషాలు గడిచాయి, ఇతనికీ పది నిమిషాలే గడిచాయి. పెద్దాయనను అడిగితే తన పది నిమిషాల్లో ఏమేం జరిగిందో వరసగా చెబుతారు. కుర్రాడు ఏం చూశాడో అతనికే గుర్తుండదు.

గడుస్తున్న కాలం, గడిచిపోయిన కాలం

అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో రాసిన ‘ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ’లో కాలాన్ని మనసు ఎలా గ్రహిస్తుందన్న దానికే ఒక అధ్యాయం కేటాయించారు. రకరకాల అనుభవాలతో నిండిన సమయం గడిచేటప్పుడు ఇట్టే గడిచిపోతుంది, తర్వాత తలచుకుంటే ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది. ఏమీ లేని ఖాళీ సమయం తద్విరుద్ధం. ఇది ఆయన గమనించిన సంగతి. మన దగ్గర కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతరకు వెళ్లొచ్చిన వాళ్లను అడగండి. ఆ రోజు ఎప్పుడు పొద్దుగుంకిందో తెలియలేదంటారు. ఆ ముచ్చట్లు మాత్రం పది రోజులు చెబుతారు. అదే ఒక ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్న మధ్యాహ్నం ఎంతకీ కదలదు. నెల తిరిగాక దాని గురించి చెప్పడానికి ఒక్క మాట ఉండదు.

కాలాన్ని మనం రెండు రకాలుగా కొలుస్తామన్నమాట. గడుస్తుండగా కొలిచేది ఒకటి, గడిచాక వెనక్కి తిరిగి కొలిచేది ఒకటి. ఈ తేడాను 1976లో హిక్స్, మిల్లర్, కిన్స్‌బోర్న్ అనే ముగ్గురు పరిశోధకులు పేకముక్కలతో పరీక్షించారు. కొందరి చేత ముక్కల్ని ఊరికే ఒకే కుప్పగా వేయించారు. కొందరి చేత ఎరుపు, నలుపు వేరు చేసి రెండు కుప్పలు వేయించారు. ఇంకొందరి చేత ఆఠీను, డైమను, ఇస్పేటు, కళావరు విడదీసి నాలుగు కుప్పలు వేయించారు. ఎంత సమయం పట్టిందో చెప్పాలని ముందే తెలిసినవాళ్లలో, పని బరువు పెరిగేకొద్దీ గడిచినట్టు అనిపించిన సమయం తగ్గుతూ పోయింది. ముందు చెప్పకుండా తర్వాత అడిగిన వాళ్లలో ఆ తేడా కనిపించలేదు.

తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటి ప్రయోగాలు ఎన్నో జరిగాయి. రిచర్డ్ బ్లాక్, పీటర్ హాంకాక్, డాన్ జకాయ్ 2010లో అలాంటి 117 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. మనసు మీద భారం పెరిగితే గడుస్తున్న కాలం చిన్నదవుతుందని, వెనక్కి తిరిగి చూసే కాలం మాత్రం కొంత పెద్దదవుతుందని తేల్చారు.

అలాగైతే ఫోనులో వంద విషయాలు చూసిన సాయంత్రం తలచుకున్నప్పుడు పెద్దదిగా అనిపించాలి కదా! అక్కడే ఉంది అసలు సంగతి. గడిచిన కాలాన్ని మనసు ఆనవాళ్లతో కొలుస్తుంది. చోటు మారడం, మనుషులు మారడం, పని స్వభావం మారడం, మనోభావం మారడం అలాంటి ఆనవాళ్లు. ఈ మార్పులు ఎన్ని గుర్తుంటే అంత కాలం గడిచినట్టు తోస్తుందని బ్లాక్ వాదించారు. వంద వీడియోలు చూసినా కూర్చున్న కుర్చీ అదే, చూసిన తెర అదే, కదిలిన బొటనవేలు అదే. పట్టుకుని గుర్తు పెట్టుకోవడానికి మనసుకు కొక్కెం దొరకదు. అందుకే ఆ సాయంత్రం రెండు విధాలా నష్టమవుతుంది. గడిచేటప్పుడు తెలియకుండా పోతుంది, గడిచాక గుర్తు లేకుండా పోతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ధ్యాస తగ్గితే కాలం ఎందుకు కురచవుతుందో వివరించడానికి జకాయ్, బ్లాక్ ఒక నమూనా ఇచ్చారు. మనసులో ఏదో ఒకటి లయగా కొట్టుకుంటూ ఉంటుందనుకుందాం. ఆ దెబ్బల్ని లెక్కించేచోటికి చేర్చే దారిలో ఒక ద్వారం ఉంటుంది. కాలం మీద ధ్యాస ఉంటే ద్వారం బాగా తెరుచుకుంటుంది, దెబ్బలన్నీ లెక్కలోకి వస్తాయి. ధ్యాస వేరే పని మీదికి పోతే ద్వారం ఓరగా మూసుకుంటుంది, కొన్ని దెబ్బలు లెక్కలోకి రావు.

కళ్లంలో ధాన్యం కొలిచే పాత పద్ధతి తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. కొలిచే మనిషి మొదటి కుంచాన్ని ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ పైకి వినబడేలా లెక్క చెబుతాడు. మధ్యలో పలకరించకూడదు. పలకరిస్తే చేయి ఆగదు, ధాన్యం పోతూనే ఉంటుంది, నోట్లో లెక్క మాత్రం వెనకబడుతుంది. కాలం విషయంలో మనకు రోజూ జరుగుతున్నది ఇదే.

వంటింట్లోనూ ఇదే తంతు. పప్పు కుక్కర్లో పెట్టి మూడు విజిళ్లకు దించాలనుకుంటారు. ఇంతలో స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజీ వస్తుంది, పిల్లాడు సాక్సు కనబడటం లేదంటాడు, అవతల గదిలోంచి అత్తగారు మాత్రలు అడుగుతారు. వచ్చింది రెండో విజిలా, నాలుగోదా? చెవి విన్నది, మనసు లెక్కపెట్టలేదు. ఆ ఇల్లాలికి జ్ఞాపకశక్తి తగ్గిందని ఎవరైనా అంటే అది అన్యాయం. ఆమె ధ్యాసను ఒకేసారి నలుగురు పంచుకుంటున్నారు.

ఈ భారం అందరి మీదా సమానంగా లేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తుంటే, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ నిమిషాల్లో ఎన్నిసార్లు ధ్యాస తెగిందో ఏ సర్వే పట్టికలోనూ ఉండదు. చాలామంది ఆడవాళ్లకు ఒకేసారి నాలుగు పనులు చేయడం నేర్పరితనం కింద జమ అవుతోంది. అది వాళ్లు కోరుకున్న నేర్పు కాదు, ఇంట్లో మిగతావాళ్లు వదిలేసిన బరువు.

రెండు పడవలు

మనం మల్టీటాస్కింగ్ అంటున్నది చాలావరకు ఒక పని నుంచి ఇంకో పనికి గబగబా గెంతడమే. నడుస్తూ మాట్లాడటం లాంటి అలవాటైన పనుల సంగతి వేరు. ఆలోచన కావలసిన రెండు పనులు ఒకేసారి పెట్టుకుంటే మనసు రెండింటి మధ్యా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ కొంత సమయం, కొంత శక్తి ఖర్చవుతాయి. సగంలో వదిలేసి వచ్చిన పని తాలూకు ఆలోచన కొత్త పనిలోకీ వెంటాడుతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఇక కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు గ్లోరియా మార్క్, జనం తెర మీద ఒక విషయంపై ఎంతసేపు నిలుస్తున్నారో ఏళ్ల తరబడి కొలిచారు. 2004లో సగటున రెండున్నర నిమిషాలు ఉండేది. ఇటీవలి కొలతల్లో అది 47 సెకన్లకు పడిపోయింది.

ఏ భారం వేసినా చెదరని వాళ్లు లేకపోలేదు. యూటా విశ్వవిద్యాలయంలో జేసన్ వాట్సన్, డేవిడ్ స్ట్రేయర్ 200 మంది చేత కారు నడిపే సిమ్యులేటర్ నడిపిస్తూనే, ఫోనులో లెక్కలు చేయించి పదాలు గుర్తు పెట్టుకోమన్నారు. రెండు పనులూ కలిసినా ఏమాత్రం తడబడనివాళ్లు రెండున్నర శాతం మంది. 2010లో ఈ ఫలితం వెలువడింది. ఆ రెండున్నర శాతంలో మనం ఉన్నామని ప్రతి ఒక్కరం నమ్ముతున్నాం. చిక్కంతా ఆ నమ్మకంతోనే.

ఎనిమిది ప్రశ్నల మధ్య ఒక్క మనిషి

అయితే మరి అవధానుల మాటేమిటి? ఒకే మనిషి ఎనిమిది మందికి జవాబు చెప్పే విద్యను కన్న జాతి మనది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా శతావధానాలు చేసి ఊరూరా జనాన్ని ఉర్రూతలూగించారు. ధ్యాస గురించి ఈ విద్య చెప్పే పాఠం ఏ ప్రయోగశాల చెప్పే పాఠానికీ తీసిపోదు.

అష్టావధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకుల్లో ఒకరు పూరించమంటూ సమస్య ఇస్తారు. ఒకరు పద్యంలో వాడాల్సిన పదాలతో దత్తపది ఇస్తారు. నిషిద్ధాక్షరి ఇచ్చినవారు అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి అది వద్దంటూ అడుగడుగునా అడ్డు తగులుతారు. వర్ణన, ఆశువు, పురాణ పఠనం ఉంటాయి. అప్రస్తుత ప్రసంగి పనే అవధాని ధ్యాసను చెడగొట్టడం. ఇవన్నీ సాగుతుండగా ఎప్పుడు పడితే అప్పుడు గంట మోగుతుంది. మొత్తం ఎన్ని గంటలు మోగాయో చివర్లో చెప్పాలి.

పైకి చూస్తే ఎనిమిది పనులూ ఒకేసారి జరుగుతున్నట్టే ఉంటుంది. దగ్గరగా చూస్తే ఆయన ఏ క్షణానికి ఆ క్షణం ఒక్క పనిలోనే ఉంటాడు. సమస్యకు ఒక పాదం చెబుతాడు. ఆ పాదం యతితో, ప్రాసతో, గణాలతో బిగిసి నిలబడ్డాకే పక్క పృచ్ఛకుడి వైపు తిరుగుతాడు. అలా నాలుగు ఆవృత్తుల్లో నాలుగు పాదాలు. సగం పాదం గాల్లో వదిలి వెళ్లడం ఉండదు గనక, వదిలిన పని వెంటాడటమూ ఉండదు. తిరిగి వచ్చేసరికి ఛందస్సు ఆ పాదాన్ని ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంచుతుంది. నిషిద్ధాక్షరిలో పాదం మధ్యలో ఆటంకం వచ్చినా, అది ఆ పద్యానికి సంబంధించిన ఆటంకమే. అన్నిటికీ చివర ధారణ. గంటల తరబడి ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ పూర్తిగా అప్పజెబుతాడు. ఆ పూట ఆయనకు ఒక్క నిమిషం కూడా పోలేదని సభ అంతటికీ అక్కడే రుజువవుతుంది.

ఉత్తరాంధ్రకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఆదిభట్ల నారాయణదాసు. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టి 1945లో కన్నుమూసిన ఈ హరికథా పితామహుడు, విజయనగరంలో 1919లో ఏర్పడిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల ఒక్కొక్కటి ఒక్కో తాళం వేస్తుండగా పాడే పంచముఖికి ఆయన ప్రసిద్ధుడు. జనం ఆయన్ను లయబ్రహ్మ అన్నారు. అయిదు తాళాలంటే అయిదు గడియారాలు అనుకుంటాం. లయ తెలిసినవారికి అక్కడ ఉన్నది ఒకటే గడియారం. మూడేసి, నాలుగేసి, అయిదేసి అక్షరాలుగా నడిచే లెక్కలు ఎంత వేరుగా తిరిగినా అరవయ్యో అక్షరం పూర్తయ్యేసరికి కలిసి తీరుతాయి. ఆ కలిసే చోటు మనసులో స్థిరంగా ఉన్నవాడికి అన్నీ ఒకే ప్రవాహంలోని పాయలు. స్థిరంగా లేనివాడికి రెండు కూడా ఎక్కువే.

మన ఫోనుకు, అవధాన సభకు తేడా పనుల సంఖ్యలో లేదు. అవధానంలో ఎప్పుడు తిరగాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించేది అవధాని. అప్రస్తుత ప్రసంగికి కూడా ఎనిమిది మందిలో ఒక్క స్థానమే ఇచ్చారు మన పెద్దలు. ఫోనులో పృచ్ఛకులందరూ అప్రస్తుత ప్రసంగులే, పైగా వాళ్లే మన మెడ తిప్పుతున్నారు.

చదువు మీద, రోడ్డు మీద

గంటల లెక్క లాంటి పనే పెట్టి అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. కారిన్ ఫోర్డే, బార్బరా నోల్టన్, రసెల్ పోల్డ్రాక్ 2006లో కొందరు యువతీ యువకులకు బొమ్మల కార్డులు చూసి వాన వస్తుందో రాదో ఊహించడం నేర్పారు. ఒక పాఠం నిశ్శబ్దంలో నేర్పారు. మరో పాఠం నేర్పేటప్పుడు చెవిలో వినిపించే శబ్దాల్లో హెచ్చు స్వరాలను లెక్కపెట్టమన్నారు. రెండు సందర్భాల్లోనూ ఊహించడం వచ్చింది. కానీ ధ్యాస చీలినప్పుడు నేర్చుకున్న దాన్ని వివరించడంలో, కొత్త సందర్భానికి అన్వయించడంలో వెనకబడ్డారు. మెదడులో ఆ రెండు పాఠాలకూ వేరువేరు భాగాలు పనిచేశాయి. పుస్తకం పక్కన ఫోను పెట్టుకుని రాత్రి పన్నెండు దాకా చదివే ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. పిల్లలు కూర్చున్న గంటలు నిజమే. ఆ గంటల్లో వాళ్లకు దక్కిన చదువు ఎంతన్నదే ప్రశ్న.

కశింకోట లాంటి రహదారి ఊళ్లకు ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం కూడా. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. అయిదు సెకన్లు ఫోను చూస్తే 110 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే. పొలం నుంచి రోడ్డు దాటే మనిషి, మలుపు తిరిగే చెరకు బండి ఆ 110 మీటర్లలోనే ఉంటారు. "ఒక్క క్షణమే చూశాను" అనే డ్రైవరు అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర్లేదు. మనసు మీద బరువు పడితే గడుస్తున్న కాలం కురచవుతుందని పేకముక్కల ప్రయోగం చెప్పింది కదా! అయిదు సెకన్లు అతనికి నిజంగానే క్షణంలా అనిపిస్తాయి. ఆ అనిపించడాన్ని నమ్మకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, నడుపుతూ చేత్తో ఫోను వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగులో చేర్చింది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలనుకోవడమూ పొరపాటే. చేత్తో పట్టుకున్నా, పట్టుకోకపోయినా ఫోను సంభాషణలో మునిగినవాళ్లు సిగ్నళ్లను ఎక్కువగా గమనించలేకపోయారని స్ట్రేయర్, జాన్‌స్టన్ 2001లోనే చూపించారు.

పట్టు దొరకాలంటే

క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అన్న సామెత మన బతుకులకు అతికినట్టు సరిపోయే స్థితికి వచ్చాం. దీన్ని మార్చుకోవడానికి కొత్త విద్యలేం అక్కర్లేదు. మన చేతుల్లో ఉన్న పాత విద్యల్లోనే దారి ఉంది.

పని మధ్యలో లేవాల్సి వస్తే పాదం పూర్తి చేసి లేవండి. రాస్తున్న వాక్యం, వేస్తున్న లెక్క, చదువుతున్న పేరా ఒక కొలిక్కి తెచ్చి, తర్వాత ఏం చేయాలో ఒక ముక్క రాసిపెట్టి వెళితే తిరిగి వచ్చేసరికి వెతుక్కునే పని ఉండదు.

చూపు తిప్పకూడని పని దగ్గర రెండో పని పెట్టుకోకండి. కాగుతున్న నూనె, నడుస్తున్న బండి, కాలువ గట్టున ఆడుకునే పసిబిడ్డ. వీటి ముందు ఫోను జేబులోంచి బయటికి రాకూడదు.

ఇంట్లో ధ్యాసను పంచుకోండి. ఒకరు వండుతుంటే పిల్లాడి సాక్సు, పెద్దావిడ మాత్రలు రెండోవారి బాధ్యత కావాలి. పని సాయం చేస్తున్నామని చెప్పుకోవడం చాలదు, ఆ పనిని గుర్తు పెట్టుకునే బరువు కూడా తీసుకోవాలి.

వారానికి ఒక పూటైనా రోజూ చూసే చోటు వదిలి బయటికి వెళ్లండి. శంకరంలో బొజ్జన్నకొండ ఎక్కి రాతిలో తొలిచిన బౌద్ధ గుహలు చూసి వచ్చిన ఉదయం, ఏడాది తర్వాత కూడా విడిగా గుర్తుంటుంది.

బడుల్లో అవధానాన్ని వార్షికోత్సవ వినోదంగా వదిలేయకుండా తరగతి గదిలోకి తేవాలి. పద్యం చెప్పలేని పిల్లలతోనూ దీన్ని ఆడించవచ్చు. ఒకడు కథ చెబుతుంటాడు, ఇంకొకడు మధ్యమధ్య గంట కొడతాడు. కథ ఆగకూడదు, లెక్క తప్పకూడదు. పది నిమిషాల ఆటతో ధ్యాస ఎప్పుడు జారుతుందో పిల్లలకు తమంతట తామే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ధారణ. రాత్రి అన్నాలయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆ రోజు ఏం జరిగిందో పొద్దుటి నుంచి వరసగా చెప్పించండి, మీరూ చెప్పండి. నాలుగు సంగతులు పూర్తిగా చెప్పగలిగారంటే ఆ రోజు వాళ్లకు దక్కినట్టే. చెప్పలేకపోతే, మర్నాడు దేన్ని తగ్గించుకోవాలో ఆ ఇంటికి అప్పుడే తెలిసిపోతుంది.